హోదా పోగొట్టుకొన్న నగరం: మెంఫిస్ కథ

ప్రతి ఊరిలోను తరచుగా నిందపడే సంస్థ పురపాలక సంఘం. కుళాయి రాకపోయినా, కాలువ పొంగినా, దోమలు పెరిగినా మనం ముందుగా తప్పుపట్టేది దానినే. ఐతే ఆ సంఘమే లేకుండా పోయినట్లయితే పట్టణం గతి ఏమవుతుంది? ఈ ప్రశ్నకు చరిత్రలో ఒక జవాబు ఉన్నది. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగంలో, టెనెసీ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున మెంఫిస్ అనే నగరం కలదు. అది 1879 నుండి 1893 వరకు, అనగా పదునాలుగు సంవత్సరాలు, నగరమనే హోదా లేకుండ బ్రతికినది. అంతర్యుద్ధానికి తట్టుకొన్న ఆ ఊరు ఒక జ్వరానికి, తీర్చలేని అప్పుకు లొంగిపోయినది. అది ఎట్లు జరిగినదో, మళ్లీ ఆ ఊరు ఎట్లు లేచినదో తెలుసుకొనుట విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు, పౌరశాస్త్రం చదివేవారికి కూడ ఉపయోగకరం.

ప్రత్తి వర్తకం పెంచిన ఊరు

మిసిసిపీ వరదలకు అందని ఎత్తైన గట్టుమీద 1819లో ఈ ఊరు వెలసినది. అంతకు ముందు సంవత్సరమే ఆ ప్రాంతాన్ని చికాసా అనే ఆదివాసుల నుండి అమెరికా ప్రభుత్వం ఒడంబడిక ద్వారా తీసుకొన్నది. ఊరికి పునాది వేసినవారు జాన్ ఓవర్టన్, జేమ్స్ వించెస్టర్, ఆండ్రూ జాక్సన్. వీరిలో జాక్సన్ తరువాత దేశాధ్యక్షుడైనాడు. నైలు నది ఒడ్డున ఉండిన ప్రాచీన ఈజిప్టు రాజధాని పేరే ఈ నదీతీర పట్టణానికి పెట్టినారు. 1826లో పురపాలనకు సనదు లభించినది.

చుట్టుపట్ల పొలాలలో బానిసలచేత పండించిన ప్రత్తి ఇక్కడికి చేరి, పొగ ఓడలమీద న్యూ ఆర్లియన్స్ రేవుకు పోయేది. 1857లో అట్లాంటిక్ తీరంలోని చార్ల్స్‌టన్ వరకు రైలుమార్గం పూర్తియైనది. 1862 జూన్ 6న జరిగిన నౌకాయుద్ధం తరువాత ఊరు ఉత్తరాది సైన్యం వశమైనది. ఐనప్పటికి వర్తకం ఆగలేదు. 1870 జనాభా లెక్కలలో ఇక్కడ 40,226 మంది ఉన్నారు.

జనం పెరిగినంత వేగంగా సదుపాయాలు పెరగలేదు. పెరళ్లలో మరుగుదొడ్ల గుంటలు, వాటికి సమీపంలోనే మంచినీళ్ల బావులు ఉండేవి. వాననీటిని పట్టి దాచుకొనే తొట్లు ఇంటింటా ఉండేవి. ఊరి నడుమ పారే గెయోసో అనే వాగులోనికి మురుగు చేరి, ఎండకాలంలో కదలక నిలిచి కుళ్లేది. యుద్ధానంతరం వీథులకు రాతికి బదులు కొయ్యదిమ్మలు పరిపించినారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ దిమ్మలు కుళ్లిపోయినవి. వాటికై చేసిన అప్పు మాత్రం నిలిచియున్నది. ఇటువంటి అప్పులు పేరుకొని లక్షల డాలర్లకు చేరినవి. వసూలైన పన్నులో పెద్దభాగం వడ్డీకే పోయేది. కాలువలకు మిగిలినది స్వల్పం.

1878 నాటి ఉపద్రవం

ఇటువంటి ఊరిలోనికి పచ్చజ్వరం ప్రవేశించినది. ఒళ్లు కాలిపోవుట, కండ్లు చర్మం పసుపుపచ్చగా మారుట, నల్లని వాంతులు అగుట దీని లక్షణాలు. ఇది 1867లోను, 1873లోను మెంఫిస్‌కు వచ్చినది. 1873లో దాదాపు 2,000 మంది మరణించినారు.

1878లో, నదిమీదుగా వచ్చే ప్రయాణికులను, సరకులను కొన్నాళ్లు నిలిపి పరీక్షించే ఏర్పాటు ముందుగానే చేయవలెనని ఆరోగ్య మండలికి అధ్యక్షుడైన వైద్యుడు కోరినాడు. వర్తకం దెబ్బతింటుందని పాలకసభ ఆ కోరికను త్రోసిపుచ్చినది. ఆయన పదవి విడిచిపెట్టినాడు. న్యూ ఆర్లియన్స్‌లో జ్వరం వ్యాపించినదన్న వార్త ఖాయమైన తరువాత, జూలై చివరలో, ఆ ఏర్పాటు చేసినారు. కాని అప్పటికే ఆలస్యమైనది. ఆగస్టు 13న కేట్ బియోండా అనే స్త్రీ చనిపోయినది. నది ఒడ్డున పడవవాండ్లకు ఆమె చిరుతిండ్లు అమ్మేది. ఆ సంవత్సరం ఊరిలో పచ్చజ్వరం మరణంగా ప్రకటింపబడినది ఆమెదే మొదటిది.

ఆ వార్త తెలిసిన కొద్దిదినాలలో దాదాపు 25,000 మంది ఊరు విడిచి పారిపోయినారు. మిగిలినవారు సుమారు 20,000 మంది. వీరిలో 17,000 మందికి జ్వరం సోకినది. 5,000 మందికి పైగా మరణించినారు. ఊరిలో ఉండిపోయిన తెల్లవారు ఆరువేలమంది కాగా, వారిలో నాలుగువేలకు పైగా చనిపోయినారని అంచనా. నల్లజాతివారు పదునాలుగు వేలమంది ఉండగా, చనిపోయినవారు వేయికి లోపు. ఈ తేడాకు కారణాలను నేటికీ పరిశోధకులు చర్చిస్తూనే ఉన్నారు.

ఎవరు ఉండిపోయినారన్నది గమనించదగినది. బండి కట్టించుకొనే స్తోమత ఉన్నవారు వెళ్లిపోయినారు. పేదలు ఉండిపోయినారు. కొందరు కావలెననే ఉన్నారు. సెయింట్ మేరీ ఆలయానికి చెందిన కాన్‌స్టాన్స్ అనే సన్యాసిని, ఆమె తోడివారు రోగులకు సేవచేస్తూ మరణించినారు. వేశ్యాగృహం నడిపే ఆనీ కుక్ అనే స్త్రీ తన ఇంటినే ఆసుపత్రిగా మార్చి, రోగులను సాకుతూ తానూ జ్వరంతో పోయినది. నల్లజాతి సైనికదళాలవారు ఆహార గిడ్డంగులకు, వీథులకు కాపలా కాసినారు. ఊరి బయట ఎత్తైన తావులలో గుడారాలు వేసి వేలమందిని అక్కడికి తరలించినారు. అక్కడ జ్వరం తక్కువగా ఉన్నది. అక్టోబరులో మంచు గడ్డకట్టే చలి రాగానే జ్వరం అణగిపోయినది. గుడారాలలో ఎందుకు తగ్గినదో, చలికి ఎందుకు పోయినదో అప్పుడు చెప్పగలిగినవారు లేరు.

సనదు రద్దు

ఊరు నిర్మానుష్యమైనది. వర్తకులు తిరిగిరాలేదు. పన్ను చెల్లించేవారు లేరు; అప్పులవాండ్లు మాత్రం కోర్టులలో నిలబడియున్నారు. 1879 జనవరిలో టెనెసీ శాసనసభ మెంఫిస్ సనదును రద్దుచేసినది. ఆ ఊరికి షెల్బీ మండల పన్ను ప్రాంతం అనే పేరు వచ్చినది. నగరపాలక సభ పోయి, కొద్దిమంది కమిషనర్లు వచ్చినారు. వారిలో కొందరిని గవర్నరే నియమించేవాడు. పన్ను ఎంత వేయవలెనో శాసనసభయే నిర్ణయించేది. కొత్తగా అప్పు చేసే అధికారం లేదు. చేతిలో ఉన్న సొమ్ముతోనే పని జరగవలెను.

అప్పు ఇచ్చినవారు ఊరుకొనలేదు. వ్యాజ్యం దేశపు అత్యున్నత న్యాయస్థానం వరకు పోయినది. ప్రజోపయోగానికై ఉంచిన నగర ఆస్తిని అప్పుక్రింద జప్తు చేయరాదని 1880లో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పినది. చివరకు అప్పులు రాజీమీద తీరినవి.

ఈ ఏర్పాటువలన పరిపాలన పొదుపుగా, చురుకుగా సాగినదని మెచ్చుకొన్నవారు కలరు. కాని వార్డులవారి ఎన్నికలు పోవుటతో పేదల పేటలకు, నల్లజాతివారికి పరిపాలనలో మాట తగ్గిపోయినది. మన రాజ్యాంగానికి 1992లో జరిగిన 74వ సవరణ ప్రకారం పురపాలక సంఘాన్ని రద్దుచేసినట్లయితే ఆరు నెలలలోపల ఎన్నికలు పూర్తిచేయవలెను. మెంఫిస్ చరిత్రతో పోల్చి చూచినప్పుడు ఈ నిబంధన విలువ బోధపడుతుంది.

సన్నని గొట్టాల రహస్యం

మురుగు తొలగించుటే కొత్త పాలకుల మొదటి పని. జార్జి వేరింగ్ అనే ఇంజనీరు ఇచ్చిన పథకం ప్రకారం 1880 జనవరిలో పని ప్రారంభమైనది. అప్పటివరకు పెద్ద నగరాలలో వాననీటిని, ఇండ్ల మురుగును కలిపి ఒకే పెద్ద సొరంగంలో పంపేవారు. వేరింగ్ ఈ రెండింటిని వేరుచేసినాడు. వాననీటిని పై కాలువలకు విడిచి, ఇండ్ల మురుగుకు మాత్రం ఆరు అంగుళాల వ్యాసం గల కాల్చిన మట్టిగొట్టాలు భూమిలో వేయించినాడు.

ఆరు అంగుళాల గొట్టం ఏమి చాలుతుందని సందేహం కలుగవచ్చు. దీనిలో ఉన్న సూత్రం తేలికైనది. చెంబెడు నీటిని వెడల్పైన పళ్లెంలో పోసినట్లయితే అది పలుచగా పరుచుకొని, అడుగునున్న ఇసుకను కదిలించలేదు. అదే నీటిని సన్నని దోనెలో పోస్తే లోతుగా పారి, ఇసుకను కొట్టుకొనిపోతుంది. వానలేని రోజులలో పెద్ద సొరంగంలో మురుగు పలుచగా, మెల్లగా పారుతుంది; బరువైన పదార్థం అడుగున పేరుకొని కుళ్లుతుంది. సన్నని గొట్టంలో అదే మురుగు వేగంగా పారి తన దారిని తానే కడుగుకొంటుంది. ఇది చాలదని, ప్రతి శాఖాగొట్టం మొదట ఒక నీటితొట్టిని కూడ అమర్చినారు. సన్నని ధారతో నెమ్మదిగా నిండే ఆ తొట్టి, నిండగానే వక్రనాళం ద్వారా ఒక్కసారిగా ఖాళీ అయ్యేది. నూరు గ్యాలన్లకు పైగా నీరు రోజుకొకసారి గొట్టాన్ని కడిగివేసేది. దీనికి కాపలా మనిషి అక్కరలేదు. నేలలోని చెమ్మను తీసివేయుటకు వేరుగా గొట్టాలు కూడ వేసినారు.

ఖర్చు తక్కువ కాబట్టే దివాలా తీసిన ఊరు దీనిని కట్టుకొనగలిగినది. లోపాలు లేకపోలేదు. గొట్టాలలోనికి మనిషి చూచుటకు వీలైన ద్వారాలు మొదట పెట్టలేదు. ఎక్కడ అడ్డుపడినా వీథి త్రవ్వవలసి వచ్చేది. తరువాతి పనులలో ఆ ద్వారాలు పెట్టి, గొట్టాలను కొంత వెడల్పు చేసినారు. వాననీటిని, మురుగును వేరుచేసే పద్ధతి మాత్రం అనేక నగరాలకు మార్గం చూపినది.

సిద్ధాంతం తప్పు, పని ఒప్పు

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. మురుగునుండి లేచే దుర్వాయువే జ్వరాలకు మూలమని వేరింగ్ గట్టిగా నమ్మినాడు. పచ్చజ్వరం విషయంలో అది నిజం కాదు. ఆ జ్వరాన్ని వ్యాపింపజేసేది దోమ అని 1881లో క్యూబా వైద్యుడు కార్లొస్ ఫిన్‌లే ప్రతిపాదించినాడు. అనేకులు నమ్మలేదు. మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న తరువాత, దోమలపై లోకం దృష్టి మళ్లినది. 1900లో వాల్టర్ రీడ్ నాయకత్వాన అమెరికా సైనిక వైద్యులు క్యూబాలో చేసిన ప్రయోగాలు ఫిన్‌లే మాటను రుజువు చేసినవి. జ్వరం వచ్చిన మొదటి రెండుమూడు దినాలలో రోగిని కుట్టిన దోమ, పన్నెండు దినాలు గడచిన తరువాత ఇంకొకరిని కుట్టినట్లయితే వారికి జ్వరం సోకుతుంది.

ఆ దోమ పేరు ఈడిస్ ఈజిప్టై. మన దేశంలో డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసేది కూడ ఇదే. ఇది ఇండ్లలోని తొట్లు, పీపాలు, కుండలలో నిలిచిన శుభ్రమైన నీటిలోనే ఎక్కువగా గ్రుడ్లు పెడుతుంది. మెంఫిస్‌లోని వాననీటి తొట్లే దానికి పురుటిండ్లు. గట్టి చలికి ఆ దోమలు చస్తాయి. అందుకే అక్టోబరులో జ్వరం ఆగినది. తొట్లులేని తావులలో వేసినందువల్ల గుడారాలవారు చాలవరకు బ్రతికినారు. కాబట్టి పచ్చజ్వరాన్ని వేరింగ్ గొట్టాలే పారద్రోలినవని చెప్పుట సరికాదు. ఓడలను నిలిపి పరీక్షించుట, గొట్టపు నీరు వచ్చి తొట్లు తగ్గుట కూడ కారణాలుగా చేర్చుకొనవలెను. ఐతే బావులలోనికి మలినం చేరకుండ ఆ గొట్టాలు చేసిన మేలు తక్కువది కాదు. నీటిద్వారా వచ్చే విషజ్వరం, విరేచనాల వంటి వ్యాధులకు అదే మందు. వేరింగ్ 1898లో హవానా నగరపు పారిశుద్ధ్యాన్ని పరిశీలించి తిరిగివచ్చి, పచ్చజ్వరంతోనే మరణించినాడు. అప్పటికి దోమ సంగతి రుజువు కాలేదు. 1937లో మాక్స్ థైలర్ ఈ జ్వరానికి టీకా రూపొందించినాడు; 1951లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది.

నేల క్రింది నీరు

1887లో ఒక మంచుగడ్డల కంపెనీ తన అవసరానికై లోతుగా బావి త్రవ్వించగా స్వచ్ఛమైన నీరు తనంతట తానే పైకి వచ్చినది. మెంఫిస్ నేల క్రింద బంకమన్ను పొర, దానిక్రింద మందమైన ఇసుక పొర ఉన్నవి. తూర్పున ఆ ఇసుక పొర నేలపైకి తేలియున్నచోట వాననీరు దిగి, మెల్లగా పడమటికి పారి వస్తుంది. పైన బంకమన్ను మూతవలె ఉన్నందున నీరు ఒత్తిడితో ఉంటుంది. ఆ మూతకు రంధ్రం చేసినట్లయితే నీరు పైకి లేస్తుంది. ఇటువంటి వానిని పాతాళ బావులు అంటారు. బురద కలిసిన నదీజలం వాడుకొంటున్న ఊరికి ఇది వరమైనది. 1903లో నగరం ఆ నీటి సంస్థను కొని తన అధీనం చేసుకొన్నది. ఇప్పటికీ మెంఫిస్ త్రాగేది ఈ భూగర్భజలమే.

1880లో 33,592కు పడిపోయిన జనాభా 1890లో 64,495కు, 1900 నాటికి 1,02,320కి పెరిగినది. 1893లో స్వపరిపాలన తిరిగివచ్చినది.

కాలువలు శుభ్రం చేసేవారి మాట

ఊరు బాగుపడినది, ఐతే అందరికీ సమానంగా బాగుపడలేదు. 1910 నుండి నగరాన్ని కమిషనర్ల సంఘం పాలించినది. వారిని వార్డులవారీగా కాక, ఊరంతా కలిసి ఎన్నుకొనేది. అందుచేత ఒక పేటలో అధికసంఖ్యలో ఉన్న నల్లజాతివారు కూడ తమవాడిని గెలిపించుకొనలేకపోయేవారు. 1954లో మరణించేవరకు ఎడ్వర్డ్ క్రంప్ అనే నాయకుడి మాటే ఊరిలో చెల్లేది.

1966లో ప్రజలు ఓటువేసి ఈ పద్ధతిని మార్చినారు. 1968 జనవరిలో మేయరు, పదముగ్గురు సభ్యుల నగరసభతో కొత్త పాలన ఆరంభమైనది. నగరసభలో ముగ్గురు నల్లజాతి సభ్యులు కూర్చున్నారు. నెలదాటగానే, ఫిబ్రవరి 1న, వానకు తలదాచుకొనుటకై చెత్తబండిలోనికి ఎక్కిన ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్, బండిలోని నొక్కుడు యంత్రం కదిలి నలిగి చనిపోయినారు. ఫిబ్రవరి 12న 1,300 మంది కార్మికులు పని మానివేసినారు. వారిలో దాదాపు అందరూ నల్లజాతివారే. మంచి కూలి, భద్రత, సంఘానికి గుర్తింపు వారి కోరికలు. “నేను మనిషిని” అన్న అట్టలు ధరించి వారు వీథులలో నడచినారు. వారికి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న లొరేన్ వసతిగృహం వసారాలో హత్య చేయబడినాడు. ఏప్రిల్ 16న ఒప్పందం కుదిరినది. ఎన్నికలో గెలిచిన మొదటి నల్లజాతి మేయరు విల్లీ హెరెంటన్. ఆయన గెలుపు 1991లో.

నేడు చూడదగినవి

మెంఫిస్‌కు పోయే యాత్రికులలో ఎక్కువమంది సంగీతంకొరకు పోతారు. నల్లజాతివారి బ్లూస్ సంగీతానికి పుట్టినిల్లువంటి బీల్ వీథి, 1982 నుండి ప్రజలు చూచుటకు తెరచిన గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ గృహం గ్రేస్‌లాండ్ ప్రసిద్ధమైనవి. పేరుకు తగినట్లు నది ఒడ్డున 1991లో కట్టిన పిరమిడు మొదట క్రీడామందిరంగా ఉండి, 2015 నుండి వ్యాపారశాల అయినది.

కాని ఈ కథ తెలిసినవారు చూడవలసినవి వేరే ఉన్నవి. 1852లో ఏర్పడిన ఎల్మ్‌వుడ్ శ్మశానవాటికలో పచ్చజ్వరంతో పోయిన వేయిమందికి పైగా పేర్లులేని సమాధులలో ఉన్నారు. నదీతీరంలోని అమరుల ఉద్యానంలో రోగులకు సేవచేసి మరణించినవారి స్మారకశిల్పం ఉన్నది. బీల్ వీథిలోనే, బానిసగా పుట్టి ధనికుడైన రాబర్ట్ చర్చ్, తనవారికి ఇతర తోటలలో ప్రవేశం లేని కాలంలో, 1899లో కట్టించిన ఉద్యానస్థలం కనబడుతుంది. లొరేన్ వసతిగృహం 1991 నుండి పౌరహక్కుల ప్రదర్శనశాలగా ఉన్నది. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అక్కడ ప్రత్యేకస్థానం కలదు.

ఉపాధ్యాయులు ఈ కథను చెప్పిన తరువాత విద్యార్థులచేత ఒక చిన్న పని చేయించవచ్చు. మన ఊరికి త్రాగునీరు ఎక్కడనుండి వస్తున్నది? ఇండ్ల మురుగు ఎక్కడికి పోతున్నది? వాననీరు దానితో కలుస్తున్నదా, వేరుగా పోతున్నదా? మూతలేని నీటితొట్లు ఎన్ని ఉన్నవి? కాలువ శుభ్రం చేసేవారు ఎవరు, వారి చేతులకు తొడుగులు ఉన్నవా? ఈ ఐదు ప్రశ్నలకు సమాధానాలు సేకరించి ఊరి పటం మీద గుర్తించినట్లయితే, పురపాలక సంఘం అనగా ఏమో పుస్తకంలోని నిర్వచనంకన్న బాగుగా తెలుస్తుంది. జవాబు దొరకని ప్రశ్నను సంఘ కార్యాలయానికి పోయి అడుగుట కూడ పాఠంలో భాగమే.